డాంగిల్ పెట్టిన ల్యాప్‌టాప్ మా ఊరిని హైదరాబాద్‌లో ఎందుకు చూపిస్తోంది?

మీరు అడిగినవి మూడు. నల్గొండ దగ్గర మీ ఊళ్ళో ల్యాప్‌టాప్‌కి 4జీ డాంగిల్ (సిమ్ వేసి యూఎస్‌బీకి పెట్టే చిన్న నెట్ పరికరం) పెట్టి మ్యాప్ తెరిస్తే ఒకరోజు హైదరాబాద్, ఇంకోరోజు చెన్నై చూపిస్తోంది. పక్కనే ఉన్న ఫోన్‌లో మాత్రం చుక్క సరిగ్గా మీ ఇంటి ముందే ఉంది. ఎందుకిలా అన్నది మొదటిది. డాంగిల్ డబ్బా మీద జీపీఎస్ అని రాసి ఉంది కదా, అదేమైంది అన్నది రెండోది. ఇదే డాంగిల్‌ని మీ అన్నయ్య ట్రాక్టర్‌కి పెట్టి ఎక్కడుందో చూసుకోవచ్చా, సిమ్ తీసేసినా పనిచేస్తుందా అన్నది మూడోది.

నేను పదిహేడేళ్లుగా మోడెమ్‌లు, వాహనాల ట్రాకర్ల పనిలోనే ఉన్నాను. ఈ ప్రశ్నలు కొంచెం అటూ ఇటూగా వారానికోసారైనా ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. అందుకే ఈసారి వివరంగా రాస్తున్నాను. ఓపిగ్గా చదవండి.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. మీ ల్యాప్‌టాప్ అసలు జీపీఎస్ వాడటమే లేదు. మీ ఐపీ అడ్రస్, అంటే ఇంటర్నెట్‌లో మీ కనెక్షన్‌కి ఉండే నంబరు చూసి, ఫలానా చోట ఉండి ఉంటారని అంచనా వేసి చెబుతోంది. డాంగిల్‌లో జీపీఎస్ నిజంగానే ఉన్నా, అది చెప్పే మాట ల్యాప్‌టాప్ దాకా రావడానికి దారి లేదు. ట్రాక్టర్‌కి ఈ డాంగిల్ పనికిరాదు. అందుకు వేరే పరికరం ఉంది, కింద చెప్తాను.

ఇక అసలు విషయం. మ్యాప్ మీద నీలం చుక్క కనబడగానే మనమంతా "జీపీఎస్ చూపిస్తోంది" అంటాం. నిజానికి ఆ చుక్క వెనక నలుగురు ఉంటారు. కొత్త ఊళ్ళో దిగి ఒకరి ఇల్లు ఎక్కడని అడిగామనుకోండి. ఒకాయన చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా తీసుకెళ్తాడు. ఇంకొకాయన "ఆ వేపచెట్టు సందులో ఉంటుంది చూడండి" అంటాడు. మరొకాయన "పడమటి వాడలో ఎక్కడో" అంటాడు. ఇంకో ఆయన "వాళ్ళా, ఈ మండలం వాళ్ళే" అని ఊరుకుంటాడు. నలుగురిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. కానీ నాలుగో ఆయన మాట పట్టుకుని వెళ్ళి ఎవరి తలుపు కొడతాం? జీపీఎస్, వైఫై, సెల్ టవర్, ఐపీ అడ్రస్ అనేవి వరసగా ఆ నలుగురు. ఫోన్‌లో నలుగురూ అందుబాటులో ఉంటారు కాబట్టి బాగా తెలిసినవాడి మాట పైకి వస్తుంది. మీ ల్యాప్‌టాప్‌కి నాలుగోవాడు ఒక్కడే మిగిలాడు.

ఎందుకు మిగిలాడో చూద్దాం. ఇప్పుడు దొరికే డాంగిల్స్‌లో చాలావరకు కంప్యూటర్‌కి మోడెమ్‌లా కనిపించవు, నెట్‌వర్క్ కార్డులా కనిపిస్తాయి. బ్రౌజర్‌లో 192.168తో మొదలయ్యే అడ్రస్ కొడితే డాంగిల్ సెట్టింగుల పేజీ తెరుచుకుంటోందంటే మీది ఆ రకమే. అంటే అదొక చిన్న రౌటర్. లోపల సిమ్ ఉందని, ఆ సిమ్ ఏ టవర్‌ని పట్టుకుందని ల్యాప్‌టాప్‌కి తెలియనే తెలియదు. దానికి తెలిసిందల్లా ఒక కేబుల్ ద్వారా నెట్ వస్తోందని. కాబట్టి టవర్ సాక్ష్యం పోయింది. మీ ఊళ్ళో వైఫై రౌటర్లు నాలుగైదు కూడా ఉండవు, కాబట్టి వైఫై సాక్ష్యమూ బలహీనమే. ఇక మిగిలింది ఐపీ.

ఈ ఐపీ అడ్రస్ మీ ఇంటిది కాదు. మొబైల్ కంపెనీలు వేలమంది కస్టమర్లని కొద్దిపాటి ఐపీ అడ్రస్‌ల వెనక కూర్చోబెడతాయి. మీ డేటా మీ ఊరి టవర్ ఎక్కి, కంపెనీవాళ్ళ గేట్‌వే, అంటే బయటి ఇంటర్నెట్‌లోకి తెరుచుకునే ద్వారం ఉన్న పెద్ద నగరం దాకా వెళ్ళి, అక్కడ ఇంటర్నెట్‌లో కలుస్తుంది. బయటి ప్రపంచానికి కనిపించేది ఆ నగరమే. ఈరోజు ఒక గేట్‌వే దొరికితే హైదరాబాద్, రేపు ఇంకోటి దొరికితే చెన్నై. మీ డాంగిల్ చెడిపోలేదు, ల్యాప్‌టాప్‌లో వైరస్ లేదు, ఎవరూ మీ కనెక్షన్ దొంగిలించలేదు. ఆ టెన్షన్ పెట్టుకోకండి.

ఐపీ సాక్ష్యం ఎంత దూరం తీసుకెళ్తుందో చెప్పడానికి అమెరికాలో జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. ఐపీ అడ్రస్‌లకి ఊళ్ళు కేటాయించే మ్యాక్స్‌మైండ్ అనే కంపెనీ, ఏ ఊరిదో తెలియక "అమెరికాలో ఎక్కడో" అని మాత్రమే తెలిసిన అడ్రస్‌లన్నిటికీ ఆ దేశం నడిబొడ్డున ఒక బిందువు పెట్టింది. లెక్క తేలిగ్గా ఉంటుందని 38 డిగ్రీల ఉత్తరం, 97 డిగ్రీల పడమర అన్నారు. ఆ బిందువు క్యాన్సస్ రాష్ట్రంలో పాట్విన్ అనే చిన్న ఊరి దగ్గర ఒకరి పొలంలో పడింది. 60 కోట్లకి పైగా ఐపీ అడ్రస్‌లు ఆ ఒక్క ఇంటికి అంటుకున్నాయి. ఎక్కడ ఏ ఆన్‌లైన్ మోసం జరిగినా పోలీసులు, మోసపోయినవాళ్ళు ఆ ఇంటి ముందు వాలేవారు. ఏళ్ళ తరబడి ఆ ఇంట్లోవాళ్ళకి కారణమే తెలియలేదు. 2016లో ఒక పత్రికా పరిశోధనతో విషయం బయటపడ్డాక, కంపెనీ ఆ బిందువుని తీసుకెళ్ళి ఒక జలాశయం మధ్యలో పెట్టింది. చుక్క చుట్టూ వందల కిలోమీటర్ల వృత్తం ఉండాల్సిందని చూసినవాళ్ళెవరికీ తట్టలేదు. అందుకే నేను అందరికీ మొదట చెప్పే మాట ఇదే: చుక్కని చూసి ఆగిపోకండి, దాని చుట్టూ ఉన్న లేత నీలం వృత్తాన్ని చూడండి. "ఈ వృత్తంలో ఎక్కడైనా ఉండొచ్చు" అని దాని అర్థం. మీ ల్యాప్‌టాప్ మ్యాప్‌ని బాగా వెనక్కి జూమ్ చేసి చూడండి, వృత్తం ఉంటే అది జిల్లాలు దాటి కనిపిస్తుంది.

వైఫై సంగతి చెప్తాను, ఇక్కడ చాలామంది మోసపోతారు. ప్రతి వైఫై రౌటర్ తనకంటూ ఒక ప్రత్యేకమైన నంబరుని గాల్లోకి చెబుతూనే ఉంటుంది. గూగుల్, యాపిల్, మైక్రోసాఫ్ట్ లాంటివాళ్ళ దగ్గర ఏ నంబరు ఏ వీధిలో వినబడిందో పెద్ద పట్టిక ఉంటుంది. వీధుల్లో తిరిగే మన ఫోన్లే ఆ పట్టికని నింపుతుంటాయి. మీ పరికరం చుట్టూ వినబడుతున్న నంబర్లు పంపితే, పట్టిక చూసి "ఫలానా వీధి" అని చెబుతారు. ఆ రౌటర్‌కి కనెక్ట్ కానక్కర్లేదు, పాస్‌వర్డ్ అక్కర్లేదు, నంబరు వినబడితే చాలు. అమీర్‌పేటలో ఇరవై రౌటర్లు ఒకేసారి వినబడతాయి కాబట్టి ఇరవై, ముప్ఫై మీటర్లలో తేలిపోతుంది.

చిక్కు ఎక్కడంటే, రౌటర్ ఇల్లు మారితే పట్టికకి వెంటనే తెలియదు. హైదరాబాద్‌లో రెండేళ్ళు వాడిన హాట్‌స్పాట్ పరికరాన్ని సంక్రాంతికి ఊరికి తెచ్చి ఆన్ చేస్తే, చుట్టుపక్కల వేరే రౌటర్ లేనిచోట మీరు ఇంకా హైదరాబాద్‌లోనే ఉన్నట్టు చూపించే అవకాశం ఉంది. మీ నెట్‌వర్క్‌ని గూగుల్ పట్టికలో పెట్టకూడదనుకుంటే వైఫై పేరు చివర అండర్‌స్కోరు పెట్టి, నోమ్యాప్ అని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కలపండి. ఊళ్ళు తిరిగే హాట్‌స్పాట్‌కి ఇది తప్పకుండా చేయాల్సిన పని అని నా అభిప్రాయం.

మీకు పనికొచ్చే చిట్కా ఒకటి: డాంగిల్‌తో నెట్ వాడుతున్నా ల్యాప్‌టాప్ వైఫైని ఆఫ్ చేయకండి. దేనికీ కనెక్ట్ కాకపోయినా ఆన్‌లో ఉంచండి. పంచాయతీ ఆఫీసుదో, స్కూలుదో రెండు మూడు రౌటర్లు వినబడితే చుక్క హైదరాబాద్ నుంచి మీ ఊరికి దూకే అవకాశం ఉంది. విండోస్‌లో లొకేషన్ సెట్టింగ్ ఆన్‌లో ఉందో, బ్రౌజర్‌కి అనుమతి ఉందో కూడా చూసుకోండి. అప్పటికీ కుదరకపోతే అదే సెట్టింగుల పేజీలో డిఫాల్ట్ లొకేషన్ అని ఉంటుంది, అక్కడ మీ ఊరు పెట్టేయండి. కదలని ల్యాప్‌టాప్‌కి అది చాలు.

టవర్ గురించి రెండు ముక్కలే. ఫోన్ ఏ టవర్ పరిధిలో ఉందో దానికి తెలుసు, టవర్ ఎక్కడుందో పట్టికలో ఉంటుంది. 4జీలో సిగ్నల్ వెళ్ళి రావడానికి పట్టే సమయాన్ని దాదాపు 78 మీటర్ల మెట్లలో కొలుస్తారు, కానీ ఆ కొలత నెట్‌వర్క్ లోపలి పనికోసం, మీ మ్యాప్‌కి మామూలుగా అందదు. నగరంలో టవర్లు దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి వందల మీటర్ల తేడాతో సరిపోతుంది. పల్లెల్లో తేడా కిలోమీటర్లలో ఉంటుంది. ఇంకో మాట, ఫోన్‌లో లొకేషన్ ఆఫ్ చేస్తే యాప్‌లకి కనబడరు గానీ, సిమ్ పనిచేస్తున్నంతసేపూ మీరు ఏ టవర్ కింద ఉన్నారో కంపెనీకి తెలుస్తూనే ఉంటుంది.

ఇప్పుడు గుమ్మం దాకా తీసుకెళ్ళేవాడి గురించి. అమెరికావాళ్ళ జీపీఎస్ ఉపగ్రహాలు దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతుంటాయి. మొదటిది 1978లో వెళ్ళింది, 1995 కల్లా పూర్తి వ్యవస్థ సిద్ధమైంది. 2000 మే నెల దాకా మామూలు జనానికి కావాలని తప్పు కలిపి ఇచ్చేవారు, వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. అది తీసేశాకే ఇప్పుడు మనం వాడే దారి చూపే మ్యాప్‌లన్నీ సాధ్యమయ్యాయి. ప్రతి ఉపగ్రహంలో అణు గడియారం ఉంటుంది. అది చెప్పేది రెండే మాటలు: "నేను ఫలానా చోట ఉన్నాను, ఇప్పుడు టైమ్ ఇంత." ఆ మాట మన దగ్గరికి చేరడానికి సెకనులో పదిహేనో వంతు పడుతుంది. ఎంత ఆలస్యంగా వచ్చిందో తెలిస్తే ఎంత దూరమో తెలుస్తుంది. ఇక్కడ లెక్క చాలా కఠినం: సెకనులో పది లక్షల వంతు తప్పితే దూరం 300 మీటర్లు తప్పుతుంది. మన ఫోన్‌లో ఉన్నది చవక గడియారం, దాన్ని నమ్మలేం. అందుకే చోటు కనుక్కోవడానికి మూడు ఉపగ్రహాలు చాలినా, మన గడియారం తప్పుని పట్టుకోవడానికి నాలుగోది కావాలి. మూడు కనిపిస్తే సరిగ్గా తేలదు, నాలుగు కనిపిస్తేనే నమ్మకం.

ఇందులో మన పరికరం వినడమే తప్ప ఏమీ పంపదు. రేడియో విన్నట్టే. జీపీఎస్‌కి డేటా ఖర్చు కాదు, సిమ్ అక్కర్లేదు, ఉపగ్రహానికి మీరు ఎక్కడున్నారో తెలియదు. సిమ్ తీసేసినా పనిచేస్తుందా అని అడిగారు కదా, చోటు కనుక్కోవడం వరకు పనిచేస్తుంది. ఆ చోటుని దూరంగా ఉన్న మీకు పంపాలంటే మాత్రం సిమ్ కావాలి. నల్లమల అడవిలో సిగ్నల్ లేనిచోట కూడా ఆకాశం కనబడితే మీ ఫోన్‌కి తను ఎక్కడుందో తెలుస్తుంది. కింద మ్యాప్ బొమ్మ రావడానికి మాత్రం నెట్ కావాలి, అందుకే ముందే మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకోమంటాం.

అయితే సిమ్ వల్ల ఒక పెద్ద లాభం ఉంది. ఉపగ్రహం తన వివరాలని సెకనుకి 50 బిట్ల చొప్పున మాత్రమే చెబుతుంది. తను ఉన్న కచ్చితమైన చోటు చెప్పడానికే 30 సెకన్లు, మొత్తం ఉపగ్రహాల జాబితా పూర్తి చేయడానికి 12న్నర నిమిషాలు. మధ్యలో చెట్టో, గోడో అడ్డొచ్చి తెగితే ఆ ముక్క మళ్ళీ వచ్చేదాకా ఆగాలి. ఫోన్ అయితే ఆ వివరాలనే నెట్ ద్వారా క్షణంలో తెచ్చుకుంటుంది. దాన్నే ఏ-జీపీఎస్ అంటారు. నెట్ లేని పరికరం మొదటిసారి ఆన్ చేసి రెండు నిమిషాలు చూసి "పాడైంది" అని పక్కన పడేసేవాళ్ళని ఎంతమందినో చూశాను. కొత్త పరికరమైనా, నెలల తరబడి ఆఫ్‌లో ఉన్నదైనా, డాబా మీద కదపకుండా పదిహేను నిమిషాలు పెట్టండి. ఆ తర్వాతే పాడైందో లేదో మాట్లాడుకుందాం.

సిగ్నల్ ఎంత బలహీనమో తెలిస్తే మిగతా బాధలన్నీ అర్థమవుతాయి. ఒక వాట్‌ని కోటి కోటి ముక్కలు చేసి, అందులో ఒక ముక్కని మళ్ళీ వంద ముక్కలు చేస్తే ఎంతో, దాదాపు అంత శక్తి మన యాంటెన్నాకి అందుతుంది. అందుకే రేకుల కప్పు కింద పోతుంది. కారు అద్దానికి లోహం కలిసిన సన్‌ఫిల్మ్ ఉంటే తగ్గిపోతుంది. చవక యూఎస్‌బీ ఛార్జర్ పక్కన పెట్టినా దాని రొదలో మునిగిపోతుంది. ఎత్తైన భవనాల మధ్య సిగ్నల్ గోడలకి తగిలి చుట్టూ తిరిగి వస్తే దూరం ఎక్కువైనట్టు లెక్క వచ్చి, చుక్క పక్క వీధిలోకి దూకుతుంది.

జీపీఎస్ అని వాడుకలో అంటున్నా, ఇప్పటి చిప్‌లు రష్యా గ్లోనాస్, యూరప్ గెలీలియో, చైనా బెయిడౌ ఉపగ్రహాలని కూడా వింటాయి. ఇలాంటిదే మన దేశపు సొంత వ్యవస్థ నావిక్ కూడా ఉంది. దాని మొదటి ఉపగ్రహం 2013 జులై 1న మన శ్రీహరికోట నుంచే వెళ్ళింది. మొదట్లో నావిక్ వాడిన ఫ్రీక్వెన్సీలు మామూలు ఫోన్ చిప్‌లు వినేవి కావు. 2023 మేలో వెళ్ళిన ఎన్‌వీఎస్-01 ఉపగ్రహంతో అన్ని ఫోన్లూ వాడే ఎల్1 బ్యాండ్‌లో కూడా నావిక్ మాట్లాడటం మొదలైంది. కొన్ని ఉపగ్రహాల గడియారాలు చెడిపోవడం లాంటి ఇబ్బందులు ఉన్నాయి. అయినా మన నెత్తి మీద మన సొంతది ఒకటి ఉండటం చాలా అవసరమని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక మీ డాంగిల్ డబ్బా మీది మాట. అబద్ధం కాకపోవచ్చు. 4జీ మోడెమ్ చిప్‌లలో చాలావాటికి జీపీఎస్ వినే భాగం కలిసే వస్తుంది. కానీ అది పనిచేయాలంటే మూడు కావాలి. ఆ ఫ్రీక్వెన్సీకి తగిన యాంటెన్నా ఉండాలి, వేలెడంత డాంగిల్‌లో తరచూ అది ఉండదు. సాఫ్ట్‌వేర్‌లో ఆ భాగాన్ని ఆపేసి ఉండకూడదు. ఆ సమాచారం కంప్యూటర్‌కి చేరడానికి ఒక పోర్ట్ తెరిచి ఉండాలి. నెట్‌వర్క్ కార్డులా కనిపించే డాంగిల్‌కి ఆ పోర్ట్ ఉండకపోవడమే ఎక్కువ. ల్యాప్‌టాప్ లోపలే బిగించే 4జీ కార్డులు, క్వెక్టెల్ ఈసీ25 లాంటి మాడ్యూల్స్ అయితే వేరు. వాటికి ఒక ఏటీ కమాండ్ (మోడెమ్‌కి అక్షరాల్లో ఇచ్చే ఆదేశం) పంపితే జీపీఎస్ మేలుకుంటుంది, వేరే కామ్ పోర్ట్‌లో సెకనుకోసారి చోటు చెప్పే లైన్లు రావడం మొదలవుతుంది. లినక్స్ వాడేవాళ్ళకి మోడెమ్‌మేనేజర్‌లోనే ఆ సదుపాయం ఉంది. కొన్ని కార్డుల్లో రెండో 4జీ యాంటెన్నానే జీపీఎస్‌కీ వాడతారు, ఆ తీగ ఊడితే నెట్ బాగానే వస్తుంది, జీపీఎస్ మాత్రం రాదు. ల్యాప్‌టాప్ విప్పి మళ్ళీ బిగించినవాళ్ళకి ఇది తరచూ జరుగుతుంది.

మీ డాంగిల్‌లో అలాంటి పోర్ట్ నిజంగా దొరికితే ఏం వస్తుందో చూపిస్తాను. స్క్రీన్ మీద ఇంగ్లీషు అక్షరాల్లో వస్తుంది, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను:

$జీపీఆర్‌ఎంసీ,043015.00,ఏ,1703.3000,ఎన్,07916.2000,ఈ

మొదటి అంకె టైమ్: 4 గంటల 30 నిమిషాల 15 సెకన్లు. అది మన టైమ్ కాదు, అంతర్జాతీయ సమయం. ఐదున్నర గంటలు కలిపితే ఉదయం 10 దాటి 15 సెకన్లు. తర్వాత ఉన్న 'ఏ' అనే ఒక్క అక్షరం ఈ లైన్ మొత్తానికి ప్రాణం. ఏ ఉంటే లెక్క కుదిరింది, వీ ఉంటే కుదరలేదు, మిగతా అంకెలని నమ్మొద్దని అర్థం. ఇక 1703.3000 అన్నదాన్ని చూసి చాలామంది 17.0330 డిగ్రీలు అనుకుని మ్యాప్‌లో కొడతారు. అది తప్పు. అది 17 డిగ్రీల 3.3 నిమిషాలు. డిగ్రీకి 60 నిమిషాలు కాబట్టి 3.3ని 60తో భాగించాలి, అప్పుడు 17.0550 వస్తుంది. అలాగే 07916.2000 అంటే 79 డిగ్రీల 16.2 నిమిషాలు, అంటే 79.2700. అది నల్గొండ పట్టణం దగ్గరి చోటు. భాగించకుండా కొట్టినవాళ్ళ చుక్క దక్షిణానికి రెండున్నర కిలోమీటర్లు, పడమరకి పదకొండున్నర కిలోమీటర్లు జరిగి ఏ చేలోనో పడుతుంది. "జీపీఎస్ పది కిలోమీటర్లు తప్పు చూపిస్తోంది సార్" అని ఫోన్ వస్తే నేను మొదట అడిగేది ఇదే. నిజమైన జీపీఎస్ తప్పు అంత ఉండదు. ఆరుబయట మామూలు ఫోన్‌కి 5 మీటర్ల లోపు తేడా రావాలి.

ఆ ఏ, వీ అక్షరాల గురించి ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణం ఉంది. ఎనిమిదేళ్ళ కిందట సూర్యాపేట వైపు ఒక పాల వ్యానుకి ట్రాకర్ పెట్టాను. నెల తర్వాత యజమాని ఫోన్ చేశాడు. తెల్లవారుజామున బండి రోడ్డు వదిలేసి నాలుగు కిలోమీటర్లు లోపలికి వెళ్ళి నలభై నిమిషాలు ఆగుతోందని, డ్రైవర్ పాలు అమ్ముకుంటున్నాడని, ఆ నెల జీతం ఆపేశానని చెప్పాడు. డ్రైవర్ నా ఎదుటే నిలబడి "నేను ఎటూ పోలేదు సార్" అని ఒకే మాట చెబుతున్నాడు. నేను సర్వర్‌లో అసలు లైన్లు తీసి చూశాను. ఆ నలభై నిమిషాలూ వీ అనే ఉంది, ఉపగ్రహాల సంఖ్య సున్నా. బండి ఆగింది పాల కేంద్రంలో రేకుల షెడ్డు కింద. పైన రేకు ఉపగ్రహాలని మూసేసింది, పక్కల నుంచి టవర్ సిగ్నల్ మాత్రం వచ్చింది. ట్రాకర్ చేసేది లేక టవర్ ఉన్న చోటు పంపింది, ఆ టవర్ నాలుగు కిలోమీటర్ల అవతల ఉంది. నా మ్యాప్‌లో జీపీఎస్ చుక్క, టవర్ చుక్క రెండూ ఒకే ఎరుపు రంగులో పెట్టాను. ఆ తప్పు నాదే, యజమానికి అదే చెప్పాను. ఆయన మంచివాడు, జీతం ఇచ్చి క్షమాపణ కూడా చెప్పాడు. ఆ రోజు నుంచి నా దగ్గర టవర్ చుక్కలు బూడిద రంగులో, చుట్టూ వృత్తంతో వస్తాయి. మీరు ఏ ట్రాకర్ కొన్నా ఈ రెండింటినీ వేరుగా చూపిస్తుందా అని అడిగి కొనండి. చూపించని యాప్‌ని పట్టుకుని మీ అన్నయ్య ట్రాక్టర్ డ్రైవర్‌ని ఒక్క మాట కూడా అనకండి.

ఇక ట్రాక్టర్. డాంగిల్ వద్దు. అది వేడికి, అదురుకి, 12 వోల్టుల బ్యాటరీకి తయారు చేసింది కాదు. వాహనాల ట్రాకర్ కొనండి. 2019 జనవరి 1 నుంచి కొత్తగా రిజిస్టరయ్యే ప్రజా రవాణా వాహనాలకి ఏఐఎస్-140 ప్రమాణం ప్రకారం ట్రాకర్ ఉండాలన్న నిబంధన వచ్చింది. మీ ట్రాక్టర్‌కి ఆ నిబంధన వర్తించకపోయినా, ఆ ప్రమాణానికి తయారైన పరికరాలు గట్టిగా ఉంటాయి. కొనేముందు అది 2జీదా 4జీదా చూడండి. చవకగా దొరికేవి ఎక్కువ 2జీవి, జియోకి 2జీ లేదు కాబట్టి వాటిలో జియో సిమ్ పనిచేయదు. మీ పొలం దగ్గర ఏ కంపెనీ సిగ్నల్ బాగా ఉంటుందో ఆ సిమ్ వేయండి. ఇంట్లో బాగున్నది పొలంలో బాగుండకపోవచ్చు. సిగ్నల్ లేనప్పుడు చోటుని దాచుకుని తర్వాత పంపే సదుపాయం తప్పకుండా ఉండాలి.

బిగించేటప్పుడు యాంటెన్నా ముఖం ఆకాశం వైపు ఉండాలి, పైన ప్లాస్టిక్ ఉంటే ఫరవాలేదు, ఇనుము ఉండకూడదు. దొంగలకి కనబడకూడదని బానెట్ లోపల ఇంజిన్ పక్కన దాచమంటారు, అక్కడ పెడితే మనకీ కనబడదు. సెకండ్ హ్యాండ్‌లో పాత ట్రాకర్ తీసుకుంటే తేదీ చూడండి. జీపీఎస్ వారాల లెక్క 1024 వారాలకోసారి మళ్ళీ సున్నాకి వస్తుంది, ఆఖరుసారి 2019 ఏప్రిల్‌లో జరిగింది. సాఫ్ట్‌వేర్ మార్చని పాత పరికరాలు దాదాపు ఇరవై ఏళ్ళ వెనకటి తేదీ చూపిస్తాయి. అలాంటిది ఉచితంగా ఇచ్చినా వద్దు.

మీరు అడగకపోయినా ఇంకోటి చెప్తాను, ట్రాక్టర్ అన్నారు కాబట్టి పొలం ఉంటుంది. ఫోన్ పట్టుకుని గట్ల చుట్టూ తిరిగి ఎకరాలు కొలిచే యాప్‌లు ఉన్నాయి. విత్తనం, ఎరువు అంచనాకి బాగానే ఉంటాయి. గట్టు తగాదాకి మాత్రం వాడకండి. ఎకరం చతురస్రంగా ఉంటే ఒక్కో పక్క దాదాపు 64 మీటర్లు. ఒక్క గట్టు మీద 5 మీటర్లు తప్పితే మూడు గుంటల భూమి అటో ఇటో అవుతుంది. అన్నదమ్ములు విడిపోవడానికి ఆ మూడు గుంటలు చాలు. సర్వేయర్లు వాడే రోవర్ వేరే తరగతి పరికరం. చోటు ముందే కచ్చితంగా తెలిసిన స్థిర స్టేషన్ నుంచి దిద్దుబాట్లు తీసుకుని సెంటీమీటర్లలో చెబుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేలో అలాంటి స్టేషన్లు, రోవర్లే వాడారు.

మీ డాంగిల్ సంగతి ఇంకా తేల్చాలనుకుంటే ఒక పని చేయండి. దాని మోడల్ నంబరు లోపల సిమ్ పెట్టేచోట స్టిక్కర్ మీద ఉంటుంది, అది రాయండి. విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి పోర్ట్స్ అన్న వరస కింద ఏమేం కనిపిస్తున్నాయో చూడండి, ఆ వరసే లేకపోతే లేదని చెప్పండి. ఎన్‌ఎంఈఏ (పైన చూపించిన లైన్లు రాసే పద్ధతి పేరు) అన్న పేరుతో పోర్ట్ ఉంటే డాంగిల్‌ని పొడుగు యూఎస్‌బీ తీగతో డాబా మీదకి తీసుకెళ్ళి, పదిహేను నిమిషాలు ఆగి, పైన చూపించిన లాంటి లైన్ ఒకటి ఇక్కడ పెట్టండి. అందులో మీ ఇంటి చోటు కచ్చితంగా ఉంటుంది, అందరూ చూస్తారు. అందుకని రెండు పెద్ద అంకెల్లోనూ చుక్క తర్వాతి నాలుగు అంకెలు చెరిపేసి పెట్టండి. ఆ ఏ, వీ అక్షరాన్ని మాత్రం చెరపకండి.